సర్వర్‌కు తప్పొప్పుల పట్టిక

2019 నవంబర్‌లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్లు వాడుతున్నవారికి ఒక హెచ్చరిక పంపింది. కొన్ని మోడళ్ల ఎస్‌ఎస్‌డీ డ్రైవులు మొత్తం 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక పనికిరాకుండా పోతాయి. ఆపైన డ్రైవూ దక్కదు, అందులోని డేటా దక్కదు. ఆ గడువు రాకముందే ఫర్మ్‌వేర్‌ను హెచ్‌పీడీ8కి మార్చుకోండి అని దాని సారాంశం. 2ను 15 సార్లు వేసి గుణిస్తే వచ్చేది 32,768. గుర్తుతో సహా అంకెను 16 బిట్ల గడిలో దాచుకుంటే 32,767 దగ్గర గడి నిండిపోతుంది. ఇంకొకటి కలిపితే లెక్క రుణసంఖ్యల్లోకి తిరగబడుతుంది. అందుకే కారణం ఎవరూ విడమరిచి చెప్పకపోయినా, గంటలు లెక్కపెట్టే చోట ఏం జరిగి ఉంటుందో ప్రోగ్రాములు రాసేవారికి ఆ అంకె చూడగానే తోచింది. దీని అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఒక డ్రైవు పోయినా మిగతావి డేటాను కాపాడతాయన్నది రెయిడ్ ఇచ్చే ధీమా. ఒకే లాటులో కొని, ఒకే రోజు ర్యాకుకెక్కించి, ఒకేసారి స్విచ్ వేసిన డ్రైవులన్నీ ఇంచుమించు ఒకే గంటలో పోతే ఆ ధీమా ఎందుకూ కొరగాదు. 2020 మార్చిలో మరో హెచ్చరిక వచ్చింది. ఈసారి వేరే మోడళ్లు, 40,000 గంటలు.

ఇలాంటివి విన్నప్పుడు ఇంత పేరున్న కంపెనీ ఇంత చిన్న లెక్క తప్పడమేమిటని ఆశ్చర్యపోవడం సహజం. ఫర్మ్‌వేర్ చరిత్ర తెలిసినవారిని ఆశ్చర్యపరిచేది తప్పు దొర్లడం కాదు, ఆ తప్పును మోడల్ నంబరుతో, గడువుతో, తప్పించుకునే దారితో సహా కంపెనీయే రాసి పంపడం. ఆ అలవాటు కంప్యూటర్లతో పాటు పుట్టలేదు. కంపెనీల మంచితనం వల్ల కూడా పుట్టలేదు. అమ్మిన యంత్రాన్ని అమ్మకం తర్వాత మార్చే వీలు చిక్కడం దానికి ఒక కారణమైతే, దాచిపెట్టడం చెప్పుకోవడం కన్నా ఖరీదవడం రెండో కారణం. ఈ రోజు బ్యాంకులు, ఆస్పత్రులు, రైల్వేలు సర్వర్లను నమ్ముకుని నడుస్తున్నాయంటే, తెలిసిన దోషాలను రాసిపెట్టే ఈ ఆచారం ఆ నమ్మకానికి ఒక మూలస్తంభం. పట్టిక పొడుగ్గా ఉన్న యంత్రం చెడ్డదనీ, పట్టికే లేని యంత్రం మంచిదనీ అనుకోవడం ఈ చరిత్రను తలకిందులుగా చదవడమే.

మొదటి తరం కంప్యూటర్లలో తర్కమంతా తీగల్లోనే ఉండేది. తప్పు దొరికితే తీగ తెంచి మరోచోట అతకాలి. 1951లో ఇంగ్లండులో మారిస్ విల్క్స్ ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించారు. ప్రాసెసర్ లోపల ఏ మీట ఎప్పుడు తెరవాలో చెప్పే సూచనలను కూడా ఒక చిన్న ప్రోగ్రామ్‌గా రాసి మెమరీలో పెట్టవచ్చన్నారు. అదే మైక్రోప్రోగ్రామింగ్. ఆ ఆలోచనను వ్యాపార స్థాయికి తెచ్చింది 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360. చిన్న మోడల్ నుంచి పెద్ద మోడల్ దాకా లోపలి హార్డ్‌వేర్ వేర్వేరుగా ఉన్నా, పైన నడిచే ప్రోగ్రాములు మాత్రం ఒకటే కావాలి. చాలా మోడళ్లలో ఆ తేడాను కప్పిపుచ్చే పని మైక్రోకోడ్ మీద పడింది. మోడల్ 30లో ఆ కోడ్‌ను రాగి పూత ఉన్న మైలార్ కార్డుల మీద రంధ్రాలుగా దాచేవారు. అవి మామూలు పంచ్ కార్డుల సైజులోనే ఉండేవి, కీపంచ్ యంత్రంతోనే రంధ్రాలు వేయవచ్చు. తప్పు దొరికితే ఇంజినీరు కస్టమర్ దగ్గరకు వెళ్లి ఆ ఒక్క కార్డు తీసి కొత్తది పెట్టేవాడు. ప్రాసెసర్ గుణం మార్చడానికి టంకం అక్కర్లేకపోయింది. 1967లో ఆషర్ ఓప్లర్ ఈ నడిమి సరుకుకు ఫర్మ్‌వేర్ అని పేరు పెట్టేనాటికి అసలు వస్తువు వాడుకలోకి వచ్చేసింది.

కార్డు మార్చాలంటే మనిషి వెళ్లాలి. ఆ బెడద తీర్చింది ఫ్లాపీ డిస్కు. ఇళ్లలో, ఆఫీసుల్లో ఫైళ్లు దాచుకోవడానికి పుట్టిందని మనం అనుకునే ఫ్లాపీ నిజానికి పుట్టింది ఐబీఎం పెద్ద యంత్రాలకు మైక్రోకోడ్ మోసుకెళ్లడానికి. సిస్టమ్/370లో కొన్ని మోడళ్లు మైక్రోకోడ్‌ను తిరిగి రాయగలిగే మెమరీలో పెట్టుకున్నాయి. కరెంటు పోతే ఆ మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి ప్రతిసారీ దాన్ని నింపడానికి చౌకైన సాధనం కావాలి. శాన్ హోసేలోని ఐబీఎం ప్రయోగశాల తయారు చేసిన 8 అంగుళాల డిస్కు 1971లో బయటికొచ్చింది. అందులో పట్టేది దాదాపు 80 కిలోబైట్లు, అదీ చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదు. దిద్దుబాటును కవరులో పెట్టి పోస్టులో పంపే రోజులు అలా మొదలయ్యాయి. 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ తెచ్చిన వ్యాక్స్-11/780 కూడా తన కన్సోల్‌గా ఒక చిన్న కంప్యూటర్‌నూ, ఒక ఫ్లాపీ డ్రైవునూ పెట్టుకుంది. మైక్రోకోడ్ సవరణలు ఆ దారినే లోపలికి వెళ్లేవి.

అయితే దిద్దుబాటు ప్రయాణించినంత సులువుగా సమాచారం ప్రయాణించలేదు. ఫలానా మోడల్‌లో ఫలానా దోషం ఉందన్న సంగతి చాలావరకు కంపెనీ సర్వీసు ఇంజినీర్ల సంచిలోని కాగితాల్లో ఉండేది. సాఫ్ట్‌వేర్ వైపు ఐబీఎం 1960లలోనే ఒక క్రమం ఏర్పరిచింది. కస్టమర్ ఫిర్యాదు నిజమని తేలితే దానికి ఏపీఏఆర్ అని ఒక నంబరు, దాని దిద్దుబాటుకు పీటీఎఫ్ అని ఇంకో నంబరు. పీటీఎఫ్ అంటే తాత్కాలిక ప్రోగ్రామ్ దిద్దుబాటు అని అర్థం. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయే ఆ తాత్కాలికాల మీద మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగులు ఎన్నో జోకులు వేసుకున్నారు. హాస్యం ఎలా ఉన్నా, దోషానికి నంబరు ఇవ్వడం పెద్ద మలుపు. నంబరు లేని దోషం గురించి కస్టమర్ అడగలేడు, కంపెనీ లేదని బుకాయించగలదు. నంబరు పడ్డాక రెండూ కష్టమే.

తయారీదారు దగ్గరే జ్ఞానమంతా ఉంటే ఏమవుతుందన్నది మన దేశంలో ఒకసారి ఎదురైన ప్రశ్న. విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోని ఐబీఎం 1978లో భారత్ నుంచి వెళ్లిపోయింది. ఇక్కడ నడుస్తున్న ఐబీఎం యంత్రాలు మాత్రం వెళ్లలేదు. వాటి మరమ్మతు బాధ్యత ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. తర్వాత సీఎంసీగా పేరు మార్చుకుని, సికింద్రాబాద్‌లో పరిశోధన కేంద్రం నడిపిన సంస్థ ఇదే. తయారుచేసిన కంపెనీ ఊరు విడిచినా యంత్రం బతకాలంటే, దాని లోపాల చిట్టా బాగుచేసేవాడి చేతిలో ఉండి తీరాలి. మరమ్మతు నేర్పున్న మనుషులు దొరకవచ్చు, విడిభాగాలు ఎక్కడినుంచైనా తెప్పించవచ్చు. ఏది తెలిసిన దోషమో, ఏది కొత్త తెగులో చెప్పే కాగితం లేకపోతే ప్రతి జబ్బునూ మొదటినుంచీ వెతుక్కోవాల్సిందే.

ఆ కాగితం అందరి ముందుకూ రావడానికి ఒక కుంభకోణం కావాల్సి వచ్చింది. 1987లో ఇంటెల్ 386 చిప్‌లలో కొన్ని 32 బిట్ల గుణకారంలో తప్పుతున్నాయని తేలినప్పుడు, పరీక్షలో నెగ్గినవాటి మీద రెండు సిగ్మా గుర్తులు, నెగ్గనివాటి మీద 16 బిట్ల సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే అన్న ముద్ర వేసి అమ్మారు. అప్పట్లో అది పెద్ద గోల కాలేదు. 1994లో పెంటియం వంతు వచ్చింది. వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీలో గణితం చెప్పే థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలు కూడుతుంటే జవాబులు పొసగలేదు. భాగహారం చేసేటప్పుడు చిప్ చూసుకునే పట్టికలో 1,066 విలువలుండాల్సింది, ఐదు లోపించాయని ఇంటెల్ తర్వాత వివరించింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావాల్సిన చోట 1.3337 వచ్చేది. ఇంటెల్‌కు ఈ సంగతి అంతకుముందే తెలుసు; తర్వాతి చిప్‌లలో చప్పుడు కాకుండా సరిచేద్దామనుకుంది. విషయం పొక్కాక, మామూలు వాడకందారుకు 27,000 ఏళ్లకోసారి తగిలే తప్పని చెప్పి, అవసరం నిరూపించుకున్నవారికే కొత్త చిప్ ఇస్తానంది. డిసెంబర్‌లో ఐబీఎం పెంటియం యంత్రాల సరఫరా ఆపేసింది. కొద్ది రోజులకే, డిసెంబర్ 20న, ఇంటెల్ అడిగినవారందరికీ మార్చి ఇస్తానని ఒప్పుకుంది. ఖాతాల్లో చూపిన నష్టం 47.5 కోట్ల డాలర్లు.

ఆ ఖర్చు నేర్పిన పాఠం రెండు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచి ఇంటెల్ చిప్‌ల మైక్రోకోడ్‌ను అమ్మకం తర్వాత కూడా సవరించే వీలు. మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ బయోస్ ఆ సవరణను చిప్‌లోకి ఎక్కిస్తుంది. ఆఫ్ చేస్తే అది పోతుంది, మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ ఎక్కుతుంది. రెండోది, ఎర్రేటా పట్టికను బహిరంగంగా ప్రచురించడం. ఆ పట్టికలో ఒక్కో దోషానికీ ఒక నంబరు ఉంటుంది. కింద నాలుగు ముక్కలు: సమస్య ఏమిటి, దానివల్ల మీకు ఏం జరగవచ్చు, వర్కరౌండ్ ఉందా, ప్రస్తుత స్థితి ఏమిటి. వర్కరౌండ్ గడిలో చాలాచోట్ల బయోస్ ద్వారా తప్పించవచ్చని ఉంటుంది, కొన్నిచోట్ల ఏదీ కనిపెట్టలేదని ఉంటుంది. స్థితి గడిలో ఎక్కువసార్లు కనిపించేది నో ఫిక్స్. మన పుస్తకాల చివర వేసే తప్పొప్పుల పట్టిక అచ్చుతోనే ముగుస్తుంది. ఈ పట్టిక సరుకు అమ్ముడైనన్నాళ్లూ, ఆ తర్వాతా పెరుగుతూనే ఉంటుంది. తను అమ్మే వస్తువులో ఇన్ని తప్పులున్నాయనీ, వాటిలో చాలావాటిని దిద్దననీ కంపెనీయే సంతకం పెట్టి చెప్పే పత్రం ఇది.

ఈ దారి పట్టనివారికి ఏమైందో 2000 సంవత్సరం చూపించింది. అప్పట్లో ఇంటర్నెట్ వ్యాపారాలకు సన్ మైక్రోసిస్టమ్స్ సర్వర్లంటే రాజముద్ర. అల్ట్రాస్పార్క్-2 ప్రాసెసర్ల బయటి క్యాష్ మెమరీలో అప్పుడప్పుడూ ఒక బిట్ తిరగబడేది. ఆ క్యాష్‌కు తప్పును పసిగట్టే పారిటీ ఉంది, సరిదిద్దే ఈసీసీ లేదు. ఫలితం, సర్వర్ ఉన్నట్టుండి కూలిపోవడం. ఎప్పటికప్పుడు క్యాష్‌ను తుడిచే స్క్రబ్బర్‌ను సొలారిస్‌లో చేర్చి సన్ కొంత ఉపశమనం ఇచ్చింది. కానీ బాధితులైన కస్టమర్ల చేత విషయం బయటపెట్టబోమని ఒప్పందాల మీద సంతకాలు చేయించుకుందని అమెరికా పత్రికలు రాశాక, సాంకేతిక దోషం కాస్తా నమ్మకద్రోహం ఆరోపణగా మారింది. నిజానికి పెంటియం తప్పు కన్నా ఇది అర్థం చేసుకోదగ్గది, వర్కరౌండ్ కూడా ఉంది. ఒకే జబ్బుతో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు కంపెనీలు సతమతమవుతూ, అది తమ ఒక్కరి సమస్యేననుకునేలా చేయడం దాచివేత చేసిన హాని.

చెప్పుకోవడం మాత్రం ఊరికే వస్తుందా అని అడగవచ్చు. రాదు. 2007లో ఏఎండీ నాలుగు కోర్ల ఆప్టెరాన్ విడుదలైన కొద్దికాలానికే టీఎల్‌బీకి సంబంధించిన 298వ నంబరు దోషం బయటపడింది. అరుదైన పరిస్థితుల్లో మెషీన్ బిగుసుకుపోవచ్చు, డేటా చెడిపోవచ్చు. బయోస్‌లో వర్కరౌండ్ ఉంది కానీ దాన్ని పెడితే వేగం పదోవంతు దాకా తగ్గుతుందని కంపెనీయే చెప్పింది. బయట పరీక్షించినవారికి కొన్ని పనుల్లో అంతకు మించి పడిపోయింది. సర్వర్ చిప్‌ల సరఫరా చాలావరకు ఆగి, 2008లో దోషం దిద్దిన బీ3 స్టెప్పింగ్ (చిప్ సవరించిన రూపం) వచ్చేదాకా ఏఎండీ మార్కెట్‌లో వెనకబడింది. నిజాయితీకి ఇది శిక్షలా కనిపిస్తుంది. అయితే శిక్ష పడింది దోషానికి. దాచి ఉంటే ఏదో ఒక బ్యాంకులో లెక్కలు పాడైనప్పుడు అదే దోషం పదింతల మూల్యం అడిగేది. ఏఎండీ సర్వర్ చిప్‌లు తర్వాత తిరిగి నిలదొక్కుకున్నాయి కూడా.

అమ్మేముందే గట్టిగా పరీక్షిస్తే పట్టికే అక్కర్లేదు కదా అన్నది బలమైన ఆక్షేపణ. దిద్దే వీలుండటం వల్లే కంపెనీలు సగం ఉడికిన సరుకు వడ్డిస్తున్నాయని కూడా అంటారు. రెండో మాటలో నిజం లేకపోలేదు. ఫ్లాపీ వచ్చిన నాటినుంచీ విడుదల తేదీ ఒత్తిడి పరీక్షల మీద పడుతూనే ఉంది. కానీ 386 కథ గుర్తుంచుకోవాలి. సవరించే వీలు లేని కాలంలోనూ తప్పులు దొర్లాయి; తేడా ఏమిటంటే అప్పుడు కొన్నవాడికి ముద్ర తప్ప మందు లేదు. పైగా కొన్ని దోషాలు ఏ పరీక్షకూ చిక్కవు. ఏఎండీ 2019లో తెచ్చిన రెండో తరం ఎపిక్ ప్రాసెసర్లలో 1474వ నంబరు దోషం ఉంది. సర్వర్‌ను రీబూట్ చేయకుండా దాదాపు 1,044 రోజులు నడిపితే, సీసీ6 అనే నిద్రావస్థలోకి వెళ్లిన కోర్ తిరిగి మేలుకోకపోవచ్చు. 1,044 రోజులంటే దాదాపు 2 ఏళ్ల 10 నెలలు. అమ్మేముందు అన్నాళ్లు ఆపకుండా నడిపి చూసే కంపెనీ ఏదీ ఉండదు. చూసేసరికి ఆ చిప్ పాతబడిపోతుంది. 2023లో దీని సంగతి బహిరంగంగా తెలిసినప్పుడు ఏఎండీ చెప్పిన దారులు రెండే: సీసీ6ను ఆపేయండి, లేదా గడువులోగా ఒకసారి రీబూట్ చేయండి. దిద్దే ఉద్దేశం లేదని కూడా చెప్పింది. కాలమే పరీక్షాధికారి అయిన చోట, పరీక్ష ఫలితాన్ని అందరికీ చెప్పే పట్టికకు ప్రత్యామ్నాయం లేదు.

మందే జబ్బయితేనో? 2018 జనవరిలో అదే జరిగింది. ప్రాసెసర్లలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపాలు బయటపడగానే ఇంటెల్ హడావిడిగా మైక్రోకోడ్ ఇచ్చింది. హాస్వెల్, బ్రాడ్‌వెల్ ప్రాసెసర్లున్న మెషీన్లు వాటంతటవే రీబూట్ కావడం మొదలైంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. జనవరి 22న ఇంటెల్ ఆ సవరణ వేయవద్దని సర్వర్ తయారీదారులకు చెప్పింది, వాళ్లు బయోస్‌లను వెనక్కి తీసుకున్నారు. పనిచేస్తున్న సర్వర్‌ను కదపొద్దనే పాతకాపుల మాటకు ఈ ఉదంతం బలమిస్తుంది. అయితే ఆపమని చెప్పింది కూడా ఆ సమాచార వ్యవస్థే కదా. ఏ సవరణ ఏ ప్రాసెసర్ మీద బెడిసికొడుతోందో కొద్ది రోజుల్లోనే అందరికీ తెలిసింది. పట్టిక లేకపోతే తొందరపడినవారూ నష్టపోయేవారు, ఆగినవారికి ఎందుకు ఆగాలో కూడా తెలిసేది కాదు.

దోషాలు చాటితే దొంగలకు దారి చూపినట్టేనన్నది ఇంకో వాదన. మామూలు ఎర్రేటాకు ఇది పెద్దగా వర్తించదు కానీ, సర్వర్‌ను దూరం నుంచి నడిపే చిప్‌లకు తప్పకుండా వర్తిస్తుంది. హెచ్‌పీ సర్వర్లలోని ఐఎల్‌ఓ 4లో 2017లో వెల్లడైన లోపం ఎంత సులువైనదంటే, కనెక్షన్ అనే హెడర్‌లో 29 సార్లు ‘ఏ’ అక్షరం పంపితే పాస్‌వర్డ్ అడగకుండా తలుపు తెరుచుకునేది. పరిశోధకులు ముందు కంపెనీకి చెప్పారు, దిద్దుబాటు వచ్చింది, తర్వాత హెచ్చరిక వెలువడింది, కిటుకు వివరాలు ఆ తర్వాతే బయటికొచ్చాయి. చెప్పడంలో ఒక క్రమం ఉండాలన్నదే ఈ వాదన నిరూపించేది, చెప్పకూడదని కాదు. పట్టికలు ఎవరూ చదవరన్న మాటకు కూడా జవాబుంది. మనుషులు చదవకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవారు చదువుతారు. లైనక్స్‌లో ప్రాసెసర్ వివరాలు చూపే ఫైలు, 1994 నాటి భాగహారం తప్పు ఈ చిప్‌లో ఉందా లేదా అని ఏళ్ల తరబడి ఒక వరుసలో చెబుతూ వచ్చింది. ఒకరు చదివి కోడ్‌లో పెడితే కోట్ల యంత్రాల తరఫున చదివినట్టే.

ఇక ఇప్పటి బెడద దాచివేత కాదు, తాళం. 2014 ఫిబ్రవరిలో హెచ్‌పీ, కొన్ని మినహాయింపులతో, ప్రోలయంట్ సర్వర్ల ఫర్మ్‌వేర్‌ను వారంటీ లేదా సపోర్ట్ కాంట్రాక్టు ఉన్నవారికే పరిమితం చేసింది. సవరణలు తయారు చేయడానికి ఖర్చవుతుందన్న కంపెనీ వాదనను కొట్టిపారేయలేం. కొత్త సదుపాయాలకు డబ్బు అడగడంలో తప్పు లేదు. కానీ అమ్మిన రోజే ఉన్న దోషానికి దిద్దుబాటు కొత్త సరుకు కాదు, పాత బాకీ. మన దగ్గర చిన్న కాలేజీలు, ఆస్పత్రులు, జిల్లా సహకార సంస్థలు వారంటీ తీరిన సర్వర్లనే, చాలాసార్లు చేతులు మారినవాటినే నడుపుకుంటాయి. 32,768 గంటల గడువు వారంటీ ఉందా లేదా అని చూడదు. హైదరాబాద్‌లో ఇంటెల్, ఏఎండీ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు పనిచేస్తున్న కాలంలో, ఇక్కడి సర్వర్ల టెండర్లలో ధర, మెమరీ, కోర్ల లెక్కతో పాటు రెండు షరతులు చేర్చడం అసాధ్యమేమీ కాదు: తెలిసిన దోషాల పట్టిక లాగిన్ లేకుండా అందరికీ అందుబాటులో ఉండాలి, డేటాను పోగొట్టే దోషాలకు దిద్దుబాటు కాంట్రాక్టుతో నిమిత్తం లేకుండా ఇవ్వాలి. ఇంటెల్ మెత్తబడింది ఐబీఎం లాంటి పెద్ద కొనుగోలుదారు సరఫరా ఆపినప్పుడే. ప్రభుత్వాలు కూడా అంతటి కొనుగోలుదారులే. పట్టిక చూపించనివారి దగ్గర కొనకుండా ఉండటం వాటి చేతిలో పనే.